బెజవాడ డివిజన్ నుంచి ఢిల్లీ దాకా: కార్పొరేటర్లు ఎంపీ సీటుకి ఎలా ప్రిపేర్ అవ్వాలి

మొన్నామధ్య సింగ్‌నగర్లో టీ కొట్టు దగ్గర మా వైపు ఒకసారి కార్పొరేటర్‌గా చేసినాయన కలిశాడు. "అన్నా, ఎమ్మెల్యే సీటుకి మా పార్టీలోనే ఎనిమిది మంది లైన్లో ఉన్నారు, నేను డైరెక్టుగా పార్లమెంటుకి ట్రై చేస్తే ఎలా ఉంటది?" అన్నాడు. సరదాకి అంటున్నాడేమో అనుకున్నా, కాదు, సీరియస్సే. నేను ఎప్పుడూ పోటీ చెయ్యలేదు గానీ ఒక కార్పొరేటర్ ఆఫీసు ఏడేళ్ళు చూసుకున్నా, రెండు పార్లమెంటు ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చుల పుస్తకం నా చేత్తోనే రాశా, కాబట్టి లోపలి సంగతులు కొన్ని తెలుసు. ఆయనకి చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నా. బెజవాడ లెక్కలే ఎక్కువ ఉంటాయి, గుంటూరోళ్ళు ఏమనుకోవద్దు, మీయి కూడా మధ్యలో వస్తాయి.

ముందు సైజు చూసుకోండి

విజయవాడ కార్పొరేషన్లో 64 డివిజన్లు. ఒక్కో డివిజన్లో ఓట్లు పదివేల పైచిలుకు. అందులో పోలయ్యేవి, మనవి, ఎదుటోడివి అన్నీ తీసేస్తే కార్పొరేటర్ గెలుపు రెండు మూడు వీధుల మీద ఆధారపడి ఉంటది, ఫలానా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పేరుతో సహా మీకు తెలుసు. విజయవాడ పార్లమెంటు అలా కాదు. ఏడు అసెంబ్లీలు: విజయవాడ వెస్ట్, సెంట్రల్, ఈస్ట్, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు. 2022 ఏప్రిల్లో ఎన్టీఆర్ జిల్లా చేశాక జిల్లా, పార్లమెంటు రెండూ ఒకటే అయినాయి, అది ఒక సుఖం, కలెక్టర్ ఒక్కరే. కానీ ఈ ఏడింట్లో సిటీ మూడే. మిగతా నాలుగూ ఊళ్ళు. తిరువూరులో మామిడి రేటు, జగ్గయ్యపేటలో సున్నపురాయి లారీలు, ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ బూడిద, ఇవన్నీ కుళాయి కనెక్షన్ కష్టాల్లాంటివి కావు, కార్పొరేటర్‌గా ఉన్నంతకాలం మీ చెవిన పడని గోలలు.

గుంటూరు పార్లమెంటు కూడా అంతే, కార్పొరేషన్ 57 డివిజన్లు, అవి దాటాక మంగళగిరి, తెనాలి, పొన్నూరు, తాడికొండ, ప్రత్తిపాడు ఉన్నాయి.

2024లో విజయవాడలో కేశినేని శివనాథ్ గారు సొంత అన్న మీదే 2,82,085 ఓట్ల మెజారిటీతో గెలిచారు. గుంటూరులో పెమ్మసాని చంద్రశేఖర్ గారి మెజారిటీ 3,44,695. అంటే ఆ మెజారిటీ ఒక్కటే ఇరవై ముప్పై డివిజన్ల మొత్తం ఓట్లంత. ఈ అంకెలు కాగితం మీద రాసుకుని ఆఫీసు గోడకి అంటించుకోండి, "నా డివిజన్లో నన్ను చూస్తే జనం చేతులెత్తి దణ్ణం పెడతారు" అనే మత్తు దిగుద్ది.

ఇంతకుముందు ఇలా వెళ్ళినోళ్ళని చదవండి

మన భాషలో దగ్గరి ఉదాహరణ కరీంనగర్ బండి సంజయ్. 2005లో అక్కడ 48వ డివిజన్ కార్పొరేటర్. 2014లో అసెంబ్లీకి నిలబడి ఓడిపోయాడు, 2018లో మళ్ళీ ఓడిపోయాడు, ఆ తర్వాత కొన్ని నెలలకే 2019లో అదే ఊరి నుంచి పార్లమెంటుకి గెలిచాడు. 2023లో అసెంబ్లీకి నిలబడి మళ్ళీ ఓటమి, 2024లో మళ్ళీ ఎంపీ, ఇప్పుడు కేంద్రంలో సహాయ మంత్రి. ఆయన పార్టీ మీకు నచ్చొచ్చు నచ్చకపోవచ్చు, నేను చూసేది లెక్క. అసెంబ్లీకి ఆయన్ని కాదన్న ఊరే పార్లమెంటుకి పంపింది. జనం రెండు ఓట్లనీ వేరేగా చూస్తారు, ఎంపీ ఓటు వేసేటప్పుడు కళ్ళ ముందు ఢిల్లీ ఉంటది. పుణెలో మురళీధర్ మొహోల్ కూడా కార్పొరేటర్, మేయర్ అయ్యి 2024లో ఎంపీ అయ్యాడు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు 1997లో రాయ్‌రంగ్‌పూర్ నగర పంచాయతీ కౌన్సిలర్, ఆవిడా మధ్యలో ఒక పార్లమెంటు, ఒక అసెంబ్లీ ఓడిపోయారు.

ఇప్పుడు మన విజయవాడ ఎంపీల వరస చూడండి. 1952లో హరీంద్రనాథ్ చటోపాధ్యాయ, కవి. తర్వాత మూడుసార్లు ఇంజనీర్ కె.ఎల్. రావు గారు. చెన్నుపాటి విద్య గారు, వడ్డే శోభనాద్రీశ్వరరావు గారు, ఉపేంద్ర గారు, గద్దె రామ్మోహన్ గారు, లగడపాటి, కేశినేని నాని. ఈ సీటుకి పేరున్నోళ్ళు, వ్యాపారం ఉన్నోళ్ళు కూర్చోవడం అలవాటు. పార్టీలు కూడా ఎంపీ సీటు అనగానే ముందు చూసేది జేబే, ఏడుగురు ఎమ్మెల్యేల ఖర్చులో కొంత ఎంపీ అభ్యర్థి మోస్తాడని లెక్క. ఇది ఎవరూ మైకులో చెప్పరు. మీ దగ్గర ఆ జేబు లేకపోతే ఇంకేదో ఉండాలి, అదేంటో ముందు తేల్చుకోండి. నా లెక్కలో అది ఒక్కటే: ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థులకీ మీరు పనికొచ్చే మనిషి అవ్వాలి.

డివిజన్ సమస్యని ఢిల్లీ ఫైలు చెయ్యడం నేర్చుకోండి

మనోళ్ళలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కార్పొరేటర్ అంటే పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్, పది గంటలకి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)తో సైడు కాలవ, మధ్యాహ్నం వార్డు సచివాలయంలో పెన్షన్, సాయంత్రం ఏదో ఒక ఫంక్షన్. ఎంపీ టికెట్ అడగడానికి పోయి "నేను 40 సీసీ రోడ్లేశా" అంటే వినేవాడు ఆవలిస్తాడు.

మీ డివిజన్లోనే కేంద్రం చేతిలో ఉన్న పని ఒకటి వెతకండి, తప్పకుండా ఉంటది. రాజరాజేశ్వరిపేట తీసుకోండి, రైల్వే స్థలంలో ఇళ్ళేసుకుని దశాబ్దాల నుంచి ఉంటున్నారు, పట్టాల్లేవు. ప్రతి ఎన్నికలకీ ఒకరొచ్చి "ఈసారి పట్టా ఇప్పిస్తా" అంటారు, కార్పొరేటర్ అంటాడు, ఎమ్మెల్యే అంటాడు. ఇద్దరి చేతిలోనూ లేదది. స్థలం రైల్వేది, వదలాలన్నా, బదులు స్థలం తీసుకోవాలన్నా రైల్వే డివిజన్ ఆఫీసు, జోన్ ఆఫీసు దాటుకుని రైల్వే బోర్డు దాకా ఫైలు కదలాలి, ఇటు రాష్ట్రం రెవెన్యూ వాళ్ళు బదులు స్థలం చూపించాలి. ఆ ఫైలు ఇప్పుడు ఏ టేబుల్ మీద ఉందో చెప్పగలిగే కార్పొరేటర్‌కి, "పోరాడతాం" అనే కార్పొరేటర్‌కి చాలా తేడా ఉంది.

పద్ధతి ఇది. మొదట కౌన్సిల్లో తీర్మానం పెట్టించండి, మీ పార్టీ అపోజిషన్ అయినా సరే రాతపూర్వకంగా ఇవ్వండి, ఇచ్చినట్టు ఇన్వార్డ్ స్టాంపు వేయించుకోండి. తర్వాత ఎన్ని ఇళ్ళు, ఎన్నాళ్ళ నుంచి, కరెంటు బిల్లు ఎవరి పేరున, పన్ను కడుతున్నారా లేదా, ఇంటింటి లిస్టు మీ కుర్రాళ్ళతోనే రాయించండి. దాన్ని పట్టుకుని సమాచార హక్కు కింద రైల్వేకి ఒక దరఖాస్తు, కలెక్టరేట్‌కి ఒకటి. వచ్చిన జవాబులు కట్టగట్టి అప్పుడున్న ఎంపీ గారికి, ఆయన ఏ పార్టీ అయినా, ఇవ్వండి. ఆయన పార్లమెంటులో ప్రశ్న వేస్తే మంత్రి జవాబు రికార్డు అయిపోద్ది, ఆ జవాబు కాగితం మీ ఫైల్లో చేరుద్ది. రెండేళ్ళలో ఇలాంటి కట్టలు మూడు తయారైతే మీరు రాష్ట్ర ఆఫీసులో కూర్చుని మాట్లాడే మాటే వేరు.

గుంటూరులో శంకర్ విలాస్ బ్రిడ్జి ఇలాంటిదే. జనానికి అది ట్రాఫిక్ గోల, కాగితంలో అది పట్టాల మీద వంతెన, కేంద్ర రోడ్ల నిధి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు కూడా, మా వైపు ఇంట్లో మంచం మునిగినోళ్ళకి కావాల్సింది పాల ప్యాకెట్టు, మంచినీళ్ళు, అవి ఇవ్వాల్సిందే, నేనూ మోశా నడుంలోతు నీళ్ళలో. కానీ నీళ్ళు తీసాక మా ఆఫీసులో చేసిన అసలు పని నష్టం లిస్టు. ఇల్లు లాక్ వేసి చుట్టాలింటికి పోయినోళ్ళ పేర్లు సర్వేలో లేవు, పైన అద్దెకున్నోళ్ళవి, కిందున్నోళ్ళవి కలిపేశారు, ఆటో ఒకరి పేరున ఉంటే నడిపేది ఇంకొకరు. నోటు పుస్తకంలో డోర్ నంబర్ వారీగా రాసుకుని సచివాలయంలో సరిచేయించాం. పక్క డివిజన్ వాళ్ళు కూడా ఆ పుస్తకం చూసి వచ్చి అడిగారు, మీ డివిజన్ బయట మీ పేరు మొదలయ్యేది అలా.

ఏడుగురితో తగాదా పెట్టుకోవద్దు

కార్పొరేటర్ కాస్త ఎదిగాడంటే లోకల్ ఎమ్మెల్యేకి నిద్ర పట్టదు. వీడు నా సీటుకి ఎసరు పెడుతున్నాడు అనుకుంటాడు. అక్కడే మీ పార్లమెంటు కోరిక అడ్డం కాదు, అక్కరకొస్తది. "అన్నా, నాకు అసెంబ్లీ వద్దు" అని ఒకటికి పదిసార్లు, నలుగురి ముందర చెప్పండి, చెప్పినట్టే ఉండండి కూడా. ఆయన ఫ్లెక్సీలో మీ బొమ్మ చిన్నగా వేశారని అలగొద్దు.

ఎంపీ ఓటు ఎక్కువ భాగం ఎమ్మెల్యే ఓటు వెనకాలే నడుస్తది, ఆంధ్రాలో రెండూ ఒకేరోజు కదా, బూత్‌లో రెండు మిషన్లు పక్కపక్కనే. ఏడుగురిలో ఇద్దరు మనసులో పెట్టుకుని "ఎమ్మెల్యే నాకెయ్యండి, ఎంపీ మీ ఇష్టం" అన్నారంటే అయిపోయింది, ఆ క్రాస్ ఓటింగ్ లెక్క కౌంటింగ్ రోజు కనిపిస్తది, అప్పుడు చేసేదేం లేదు. అందుకని ఇప్పటి నుంచే నెలకి రెండు ఆదివారాలు సిటీ బయటకి పొండి. నందిగామలో పెళ్ళి, తిరువూరులో తిరనాళ్ళ, పోతే ముందు అక్కడి పార్టీ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి చెప్పి పొండి. చెప్పకుండా పోతే గ్రూపు కడుతున్నాడంటారు. ఖాళీ చేతుల్తో కాకుండా వాళ్ళ పని ఒకటి చేసిపెట్టండి, ఆ ఊళ్ళవాళ్ళకి విజయవాడలో హాస్పిటల్లో బెడ్డు, కాలేజీ సీటు, కలెక్టరేట్లో సంతకం, ఇవి సిటీ కార్పొరేటర్‌కి చేతనైన పనులు. పల్లెటూరి ఇన్‌ఛార్జికి సిటీలో నమ్మకమైన మనిషి దొరకడం చిన్న విషయం కాదు.

మధ్యలో మెట్లు

డివిజన్ నుంచి ఒక్కసారే దూకడం కుదరకపోతే మెట్లున్నాయి. మేయర్ ఒకటి. ఇంకోటి చాలామంది మర్చిపోయేది, స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీ. దానికి ఓటేసేది ఎక్కువగా కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, జెడ్పీటీసీ, ఎంపీటీసీలే, అంటే మీ తోటివాళ్ళే. మూడోది పార్టీలో పార్లమెంటు స్థాయి పదవి, అధికార ప్రతినిధో కార్యదర్శో ఏదైనా, ఎందుకంటే ఏడు నియోజకవర్గాల బూత్ కమిటీల లిస్టు ఆ పదవిలో ఉన్నోడి చేతికే వస్తది. నన్నడిగితే మేయర్ కన్నా ఇదే మేలు, మేయర్‌కి కారు, కుర్చీ, సిటీలో ప్రతి గుంటకీ తిట్లు.

రాజ్యసభ కూడా ఉంది గానీ అక్కడ ఓటేసేది ఎమ్మెల్యేలు, వయసు 30 దాటాలి, ఆ సీటు పైనుంచి రావాలే గానీ మనం ప్లాన్ చేసేది కాదు. మహిళా కార్పొరేటర్లు ఒకటి గమనించండి, 2023లో వచ్చిన 106వ సవరణ ప్రకారం లోక్‌సభలో మూడోవంతు సీట్లు మహిళలకి, జనగణన, డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) అయ్యాక అమలని చట్టంలో రాసుంది. కార్పొరేషన్లో సగం డివిజన్లు మహిళలవే, కానీ చాలాచోట్ల ఫోన్ ఎత్తేది భర్త. మీ ఫోన్ మీరే ఎత్తండమ్మా, ఆ రోజొచ్చినప్పుడు పార్టీ మీ పేరు వెతకాలి, మీ ఆయన పేరు కాదు.

కాగితాలు

ఇది బోరు కొట్టే భాగం, కానీ ఎన్నికల ముందు నిద్ర లేకుండా చేసేదీ ఇదే.

లోక్‌సభకి 25 ఏళ్ళు నిండాలి. దేశంలో ఏ నియోజకవర్గంలో ఓటున్నా పోటీ చెయ్యొచ్చు, బయటి ఓటైతే ఓటరు లిస్టు సర్టిఫైడ్ కాపీ పెట్టాలి. డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకి 12,500. పోలై చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు, మన దగ్గర ఆ ఆరోవంతే రెండు లక్షల పైన. గుర్తింపున్న పార్టీ అభ్యర్థికి ప్రతిపాదించేవాళ్ళు ఒకరు చాలు, ఇండిపెండెంటుకి పదిమంది, వాళ్ళ ఓటు మాత్రం ఈ నియోజకవర్గంలోనే ఉండాలి. ఒకరు నాలుగు సెట్ల దాకా వెయ్యొచ్చు, వెయ్యండి, ఒకదాంట్లో తప్పుంటే ఇంకోటి కాపాడుద్ది. నామినేషన్ ఫారం 2ఏ, ఆస్తులు కేసుల అఫిడవిట్ ఫారం 26.

ఫారం 26లో ఒక్క గడి కూడా ఖాళీ ఉంచొద్దు. లేకపోతే "లేదు" అని రాయండి, గీత గీసి వదిలేస్తే కుదరదు, 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఖాళీలుంటే అధికారి గుర్తు చేస్తాడు, అప్పటికీ నింపకపోతే నామినేషన్ కొట్టేస్తాడు. ఐదేళ్ళ ఐటీ రిటర్నుల వివరాలు మీవి, మీ ఆవిడవి, మీ మీద ఆధారపడ్డవాళ్ళవి. మేం ఒకసారి రాత్రి పదకొండింటికి అన్నీ అయిపోయినాయని లేవబోతే అభ్యర్థి భార్య పుట్టింటివాళ్ళు రాసిచ్చిన స్థలం గుర్తొచ్చింది, సర్వే నంబర్ కోసం ఊళ్ళో మామగారిని నిద్రలేపి బీరువాలో దస్తావేజు ఫోటో తీయించి వాట్సాప్‌లో తెప్పించాం, ఆ ఫోటోలో సగం ఆయన బొటనవేలే. మీరు ఆర్నెల్ల ముందే మొదలెట్టండి. ఇంటిపన్ను, నీటిపన్ను బకాయిలు కూడా అందులో రాయాలి, కార్పొరేటరే కార్పొరేషన్‌కి బాకీ అని పేపర్లో పడితే ఎలా ఉంటదో ఆలోచించుకోండి.

ధర్నా కేసులు మనోళ్ళకి మామూలే. అవన్నీ రాయాలి, పార్టీకి చెప్పాలి, పైగా ప్రచార కాలంలో మూడుసార్లు పేపర్లో, టీవీలో ప్రకటన ఇవ్వాలి. ఏ స్టేషన్లో ఏ నంబరో ఎస్పీ లేదా పోలీసు కమిషనర్ ఆఫీసుకి ముందే లెటర్ పెట్టి రాతలో తెప్పించుకోండి, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన కేసులు బయటికొస్తాయి. కాంట్రాక్టులు చేసేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోండి, కేంద్ర ప్రభుత్వంతో సరుకు సరఫరా గానీ పనులు గానీ మీ పేరున నడుస్తుంటే పార్లమెంటుకి అనర్హత.

ఇక బీ-ఫాం, అంటే మీరే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే కాగితం. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు ఏ-ఫాం (బీ-ఫాం మీద సంతకం పెట్టే హక్కు పార్టీలో ఎవరిదో చెప్పేది), బీ-ఫాం ఇంకు సంతకంతో రిటర్నింగ్ అధికారి టేబుల్ మీద ఉండాలి, జిరాక్సు చెల్లదు. 2024లో ఆఖరి రోజు ఏప్రిల్ 25. టికెట్ ప్రకటించినా బీ-ఫాం చేతికొచ్చేదాకా బాణాసంచా కొనొద్దు.

డబ్బు, పుస్తకం

లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 95 లక్షలు. బయట అనుకునే అంకెలు వేరు, అందరికీ తెలుసు, నేను దాని గురించి రాయను. పుస్తకం సంగతి చెప్తా. నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకే వేరే బ్యాంకు అకౌంటు తెరవాలి. ఒక మనిషికి నగదుగా 10,000 మించి ఇవ్వకూడదు, మిగతాది చెక్కో ట్రాన్స్‌ఫరో. జిల్లా అధికారులు రేట్ల పట్టిక ఇస్తారు, టీకి ఎంత, కుర్చీకి ఎంత, ఫ్లెక్సీ అడుగుకి ఎంత అని. మీరు చుట్టాల టెంటు హౌసు నుంచి కుర్చీలు ఊరికే తెచ్చామన్నా వాళ్ళు పట్టిక రేటే వేస్తారు, వాళ్ళ నీడ పుస్తకం ఒకటి వేరే నడుస్తా ఉంటది, వీడియో తీసినోడు కుర్చీలు లెక్కపెడతాడు. ప్రచారంలో కనీసం మూడుసార్లు మన పుస్తకం చూపించాలి. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో మొత్తం లెక్క ఇవ్వాలి, ఓడిపోయినా సరే, ఇవ్వకపోతే మూడేళ్ళ దాకా పోటీకి అనర్హత వేసే అధికారం ఎన్నికల కమిషన్‌కి ఉంది. ఓడినోళ్ళు ఈ పని ఎగ్గొట్టి తర్వాత కార్పొరేషన్ ఎన్నికలకి కూడా ఇబ్బంది తెచ్చుకుంటారు. పుస్తకం రాసే మనిషిని ప్రచారానికి పంపొద్దు, కూర్చోబెట్టి భోజనం పెట్టండి.

బూత్

ఎన్టీఆర్ జిల్లా మొత్తం మీద సుమారు పద్దెనిమిది వందల బూత్‌లు. కార్పొరేటర్‌గా ఏజెంట్లని పేరుపేరునా ఎంచుకున్నారు, ఇక్కడ ఎమ్మెల్యే అభ్యర్థి మనుషులే మీ ఏజెంట్లు కూడా, కాబట్టి పైన చెప్పిన ఏడుగురి గోల మళ్ళీ ఇక్కడికే వస్తది. అయినా ప్రతి మండలానికి మీ సొంత మనిషి ఒకడు ఉండాలి. వాడికి ఒకటే పని, పోలింగ్ అయ్యాక పార్లమెంటు మిషన్ తాలూకు ఫారం 17సీ (ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో అధికారి రాసిచ్చే లెక్క) కాపీ ప్రతి బూత్ నుంచి తీసుకోవడం. అసెంబ్లీ ఏజెంట్ తన 17సీ తీసుకుని ఇంటికి పోతాడు, పార్లమెంటుది అడగడు, నేను కళ్ళారా చూశా, ఒక మండలంలో సగానికి పైగా రాలేదు. అది లేకుండా కౌంటింగ్ టేబుల్ దగ్గర మిషన్లో ఓట్లు సరిపోయాయా లేదా అని అడగడానికి మీ చేతిలో ఏముంటది?

గెలిస్తే

గెలిచాక మొదటి నెలలో మూడు పనులు. ప్రమాణం తెలుగులో చెయ్యొచ్చు. ఎంపీ లాడ్స్, అంటే నియోజకవర్గంలో పనులకి ఎంపీ పేరున వచ్చే నిధి, ఏడాదికి 5 కోట్లు, డబ్బు మన చేతికి రాదు, మనం సిఫారసు చేస్తే కలెక్టర్ చేయిస్తాడు, 15 శాతం ఎస్సీ ప్రాంతాలకి, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకి పోవాలి. ఏడు అసెంబ్లీలకి పంచితే తలా 70 లక్షలు చిల్లర, కాబట్టి సీసీ రోడ్లకి తగలెయ్యకుండా ముందే లిస్టు రాసుకోండి. మూడోది జిల్లాలో దిశ కమిటీ, కేంద్ర పథకాలన్నీ అక్కడ సమీక్ష చేస్తారు, ఛైర్మన్ ఎంపీయే. ఏఈ ఏ లెక్క దాస్తాడో మాజీ కార్పొరేటర్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఆ మీటింగు మీదే.

ఇక సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి నోటితో జవాబు చెప్పేవి, రోజుకి 20, లాటరీలో రావాలి, గుర్తు లేనివి 230, వాటికి జవాబు రాతలో వస్తది. టీవీలో కనపడవు గానీ మన రైల్వే పట్టా లాంటి ఫైళ్ళకి పనికొచ్చేవి అవే. ఆ మూడు కట్టలు గుర్తున్నాయిగా, మొదటి సెషన్‌లోనే వాటి మీద వేసెయ్యండి.

ఢిల్లీలో ఉండగా కూడా పొద్దున ఆరింటికి పాత డివిజన్ నుంచి ఫోన్ వస్తది, కాలవ పొంగిందని. దానికి ఇక్కడ ఆఫీసులో ఒక కుర్రాణ్ణి పెట్టండి, శానిటరీ ఇన్‌స్పెక్టర్ నంబరు వాడి దగ్గరుంచండి. కొత్త కార్పొరేటర్‌కి కూడా చెప్పి చెయ్యమనండి, లేకపోతే ఎంపీ నా డివిజన్లో వేలు పెడుతున్నాడని రేపు ఆయన అలుగుతాడు.